ముందు ప్లేటు, తర్వాత పాఠం: డిగ్రీ మైక్రోబయాలజీ మొదటి ఏడాది చెప్పేవారికి మార్గదర్శి

మా కాలేజీలో మైక్రోబయాలజీ తీసుకునేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్ బైపీసీ చదివి వచ్చిన పిల్లలు. బాక్టీరియా బొమ్మ గీయమంటే చకచకా గీస్తారు. కణకవచం, కశాభం, ప్లాస్మిడ్ అన్నీ తప్పు లేకుండా గుర్తిస్తారు. అదే పిల్లల్ని "మీలో బాక్టీరియాను చూసినవాళ్లు ఎవరు?" అని అడిగితే ఒక్క చెయ్యి కూడా లేవదు. ఇన్నేళ్లుగా చదువుతున్న జీవిని ఒక్కసారైనా చూడలేదు. అందుకే చాలామందికి అది జీవిలా కాక, పరీక్షలో వచ్చే బొమ్మలా మిగిలిపోతుంది.

ఈ మార్గదర్శి కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్ల కోసం రాస్తున్నాను. ఒక ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం), ఒక ఇంక్యుబేటర్ (సూక్ష్మజీవుల్ని స్థిరమైన వేడిలో పెంచే పెట్టె), పనిచేసే మైక్రోస్కోపులు పదో పన్నెండో, తరగతిలో నలభై మంది, ఒక ల్యాబ్ అటెండర్. మన దగ్గర చాలా కాలేజీల పరిస్థితి ఇదే కాబట్టి దీన్నే లెక్కలోకి తీసుకున్నాను. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. కంటికి కనిపించని జీవి గురించి చెప్పేటప్పుడు చేతి పని ముందు రావాలి, మాట దాని వెనక రావాలి.

మొదట సిలబస్‌ను తిరగరాసుకోండి

సిలబస్ సాధారణంగా చరిత్రతో మొదలై మైక్రోస్కోపు, స్టెరిలైజేషన్, కణ నిర్మాణం, పెరుగుదల అనే వరసలో నడుస్తుంది. పరీక్షకు ఆ వరస సరిపోతుంది. మీ కోసం మాత్రం ఒక తెల్ల కాగితం మీద రెండు గడులు గీసుకోండి. ఎడమ గడిలో పాఠ్యాంశం రాయండి. కుడి గడిలో, ఆ అంశం కోసం విద్యార్థి తన చేత్తో చేసి తన కంటితో చూసే ఒక్క పని రాయండి. స్టెరిలైజేషన్ ఎదురుగా "మూత తీసి పెట్టిన ప్లేటు, తీయని ప్లేటు". కణకవచం ఎదురుగా "గ్రామ్ స్టెయిన్", అంటే రంగులతో బాక్టీరియాను రెండు రకాలుగా విడదీసే పద్ధతి. నత్రజని స్థాపన ఎదురుగా "వేరుశనగ బుడిపె".

కొన్ని అంశాల ఎదురుగా ఏమీ తట్టదు. వైరస్‌లు అలాంటివే. అక్కడ బొమ్మలో, వీడియోనో, చింతగింజల ఆటో పెట్టుకుందాం. కానీ సగానికి పైగా అంశాల ఎదురుగా ఏదో ఒక పని ఉండాలి. లేకపోతే ఆ సెమిస్టర్ నోట్సు చెప్పి రాయించడంతోనే గడిచిపోతుంది.

ఏది ముఖ్యం, ఏది వదిలేయొచ్చు అన్న సందేహం వస్తే అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ 2012లో డిగ్రీ స్థాయికి ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. పరిణామం, కణ నిర్మాణం, జీవక్రియ, జన్యు సమాచారం, సూక్ష్మజీవుల సమూహాలు, వాటి ప్రభావం అనే ఆరు పెద్ద ఆలోచనల కింద 27 వాక్యాలు ఉంటాయి. మన సిలబస్‌లోని ప్రతి యూనిట్‌ను పక్కన పెట్టుకుని, ఇది ఆ వాక్యాల్లో దేనికి చేరుతుందో చూసుకోండి. దేనికీ చేరని వివరాలకు తక్కువ సమయం ఇస్తే చాలు.

ఇండెంట్ రాసేటప్పుడు

మొదటి ఏడాదికి ఎక్కువ కల్చర్లు (ల్యాబులో పెంచే సూక్ష్మజీవులు) అక్కర్లేదు. ఈ.కోలై కె-12, బాసిల్లస్ సబ్టిలిస్, రొట్టెలకు వాడే ఈస్ట్. ఈ మూడూ జబ్బు చేయని రకాలు. మొదటి రెండూ చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే కల్చర్ల భాండాగారం నుంచి తెప్పించుకోవచ్చు. ఈస్ట్ బేకరీ సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. మిగతా నమూనాలు మన చుట్టూనే ఉన్నాయి: పెరుగు, ఇడ్లీ పిండి, చెరువు మట్టి, వేరుశనగ వేళ్లు. స్టాఫైలోకాకస్ ఆరియస్ లాంటి జబ్బు చేసే రకాల్ని మొదటి ఏడాది పిల్లల చేతికి ఇవ్వకండి. లూప్ (కల్చర్ తీసే తీగ) సరిగ్గా కాల్చడం ఇంకా రాని చేతులవి.

మీడియం లెక్క ముందే వేసుకోండి. రెడీమేడ్ న్యూట్రియెంట్ అగార్ పొడి లీటరుకు 28 గ్రాములు పడుతుంది. ప్లేటుకు 20 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు యాభై ప్లేట్లు వస్తాయి. నలభై మందికి తలా ఒక ప్లేటు, పైన కంట్రోళ్లు, ఒలికిపోయేవి కలుపుకుంటే ఒక ప్రాక్టికల్‌కు ఒక లీటరు. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి. ఇరవై నిమిషాల్లో వాళ్లకు మీడియం తయారీ అంటే ఏమిటో తెలిసిపోతుంది.

ఆటోక్లేవ్ పాడైతే ప్రాక్టికల్ ఆపాల్సిన పని లేదు. మంచి ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లకు చేరుతుంది. అప్పుడు లోపల 121 డిగ్రీల సెల్సియస్ దాకా వస్తుంది. ముందు వెయిట్ పెట్టకుండా ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగండి. లోపలి గాలి పోకపోతే ఆ వేడి రాదు. తర్వాత వెయిట్ పెట్టి, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, అక్కడి నుంచి పదిహేను నిమిషాలు లెక్కపెట్టండి. ఫ్లాస్కు సగానికి మించి నింపకండి. ఒత్తిడి పూర్తిగా దిగాకే మూత తీయాలి, లేకపోతే వేడి అగార్ ఒక్కసారిగా పొంగి చేతులు కాలతాయి. కుక్కర్‌లో కూడా ఆటోక్లేవ్ టేపు ముక్క ఒకటి వేయండి. ఒకసారి స్టెరిలైజేషన్‌కు వాడిన కుక్కర్ మళ్లీ వంటింటికి వెళ్లకూడదు.

ఫ్లాస్కును చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉండి, పట్టుకోగలిగేంత వేడికి వచ్చినప్పుడు ప్లేట్లలో పోయాలి. అంటే సుమారు 50 డిగ్రీలు. అంతకంటే వేడిగా పోస్తే మూత లోపల నీటి బొట్లు నిలుస్తాయి, చల్లారితే గడ్డలు కడుతుంది.

అగార్ చరిత్ర చెప్పడానికి ఇదే సరైన సమయం. రాబర్ట్ కాక్ ల్యాబులో మొదట జెలటిన్ వాడేవారు. 37 డిగ్రీలకు పెడితే అది కరిగిపోయేది, కొన్ని బాక్టీరియాలు దాన్ని తినేసేవి కూడా. అదే ల్యాబులో పనిచేసే వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తన వంటింట్లో జెల్లీలకు వాడే అగార్ వాడి చూడమని 1881లో సూచించింది. జావాలో ఉండి వచ్చిన పరిచయస్థుల దగ్గర ఆమె అది నేర్చుకుంది. అగార్ సుమారు 85 డిగ్రీల పైన కరుగుతుంది, 40 దాకా దిగితే కానీ గడ్డకట్టదు. మన ఏప్రిల్ ఎండలకు జెలటిన్ ప్లేటు ఇంక్యుబేటర్‌లో పెట్టకుండానే నీరైపోతుంది. కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అమ్మేది అగారేనని చెప్పి ఒక ప్యాకెట్ తరగతిలో తిప్పండి. ఆ పూట పాఠం వాళ్లు మర్చిపోరు.

మొదటి రోజు: పెరుగు

మొదటి క్లాసులో నిర్వచనాలు వద్దు. ప్రతి ఒక్కరినీ ఇంటి నుంచి చెంచాడు పెరుగు తెమ్మని చెప్పండి. హాస్టల్ పిల్లలు మెస్ నుంచి తెస్తారు.

పెరుగు గడ్డ కాకుండా, పైన తేరుకున్న నీటిని వాడాలి. అందులో వెన్న తక్కువ కాబట్టి స్లైడ్ శుభ్రంగా వస్తుంది. ఒక చుక్క నీటిలో లూపెడు కలిపి స్లైడ్ మీద పలచగా, స్లైడ్ వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు కనిపించేంత పలచగా పూయాలి. గాలికి ఆరనిచ్చి, దీపం మంట మీదుగా రెండు మూడుసార్లు చకచకా తిప్పాలి. మిథిలీన్ బ్లూ ఒక నిమిషం. కడిగి, అద్ది, ఆరబెట్టి, ఆయిల్ ఇమ్మర్షన్ కింద చూడాలి.

ఎవరి స్లైడ్‌లో వాళ్లకు నీలం రంగు గొలుసులు, కడ్డీలు కనిపిస్తాయి. పన్నెండు మైక్రోస్కోపులే ఉన్నప్పుడు ముగ్గురు నలుగురు ఒకదాని దగ్గర చేరతారు. ప్రతి ఒక్కరూ తాము ఫోకస్ చేశాకే గీయాలి, పక్కవాళ్ల బొమ్మ చూసి గీయకూడదు అని మొదటి రోజే నియమం పెట్టండి. ఆ నియమాన్ని మూడేళ్లూ సడలించకండి. ఆయిల్ చుక్క వేశాక 40 ఎక్స్ లెన్సును దాని మీదుగా తిప్పకూడదని కూడా అప్పుడే చెప్పాలి. ఒక్క చుక్క నూనె లెన్సు లోపలికి పోతే ఆ మైక్రోస్కోపు ఆ ఏడాదికి మూలనపడినట్టే.

ఇప్పుడు లీవెన్‌హాక్ కథ చెప్పండి. డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి. యూనివర్సిటీ చదువు లేదు. తాను చేసుకున్న లెన్సులతో 1683లో తన పళ్ల మీది పాచిలో కదిలే జీవుల్ని చూసి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆ పేరును పాఠంలో చదివినప్పుడూ, తాము కూడా అదే చూశాక విన్నప్పుడూ పిల్లల ముఖంలో ఎంత తేడా ఉంటుందో కనిపిస్తుంది.

సైజు అర్థం కావడానికి నేను వేరుశనగ గింజ వాడతాను. రెండు మైక్రోమీటర్ల బాక్టీరియాను సెంటీమీటరు పొడవున్న వేరుశనగ గింజంత చేశామనుకోండి. అదే లెక్కన 165 సెంటీమీటర్ల విద్యార్థి 8,250 మీటర్ల ఎత్తవుతాడు. ఎవరెస్టు 8,849 మీటర్లు. గింజ బల్ల మీద పెట్టి, లెక్క బోర్డు మీద వాళ్ల చేతే వేయించండి.

చెయ్యి తిరగడం: అసెప్టిక్ పద్ధతి

తొందరపడకూడని చోటు ఇది. కనీసం మూడు ప్రాక్టికల్స్ ఇవ్వండి.

మొదటిది ఉత్త సాధన. బాక్టీరియా లేకుండా, ఫుడ్ కలర్ కలిపిన నీటితో అగార్ ప్లేటు మీద స్ట్రీకింగ్ (లూప్‌తో గీతలుగా పూయడం) చేయించండి. నాలుగు భాగాలు, ప్రతి భాగానికి మధ్య లూప్ కాల్చడం, చల్లారనివ్వడం. రంగు ఒక్కో భాగానికి పలచబడుతూ పోవడం కంటికి కనిపిస్తుంది. లూప్ కాల్చడం మర్చిపోయిన చోట రంగు ముదురుగానే ఉండిపోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో మీరు చెప్పక్కర్లేదు.

రెండోది వేళ్ల ప్లేటు. అడుగున మార్కర్‌తో నాలుగు గడులు గీయాలి. కడగని వేలు, నీళ్లతో కడిగిన వేలు, సబ్బుతో కడిగిన వేలు, ఏమీ ముట్టించని గడి. చాలాసార్లు సబ్బుతో కడిగిన వేలి గడిలోనే ఎక్కువ కాలనీలు వస్తాయి. పిల్లలు కంగారుపడి ప్లేట్లు మారిపోయాయంటారు. మారలేదు. త్వరగా కడిగి ఊరుకుంటే చర్మం ముడతల్లో స్థిరంగా ఉండే బాక్టీరియా పైకి వస్తాయి. చేతులు ఎంతసేపు కడగాలి, ఎలా తుడుచుకోవాలి అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో డాక్టర్ల చేతులు క్లోరిన్ ద్రావణంతో కడిగించి బాలింతల మరణాలు తగ్గించిన సెమెల్వైస్ గురించి ఆ ప్రశ్న వెంటే చెప్పండి.

మూడోది అసలు స్ట్రీక్ ప్లేటు, ఈ.కోలైతో. విడివిడి కాలనీలు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించాలి.

ఒక ఏడాది మా బ్యాచ్‌లో దాదాపు అన్ని ప్లేట్లలోనూ ఆకుపచ్చ బూజు వచ్చింది. పారేయమని చెప్పబోతుంటే ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, అందరి ప్లేట్లలోనూ బూజు ఒకవైపే ఎందుకుంది?" అప్పుడు చూశాం. ఉక్కపోతకు ఆగలేక ఎవరో ఫ్యాను స్విచ్ వేశారు. అందరూ మూత ఒకే వైపు, ఫ్యాను వైపు ఎత్తారు. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి ఆ రోజు ప్రాక్టికల్‌లో నిండు మార్కులు వేశాను. పాడైన ప్లేట్లను పారేసే ముందు పది నిమిషాలు పిల్లల చేతికి ఇచ్చి కారణం వెతకమనండి. పాడవని ప్లేటు కంటే పాడైన ప్లేటే వాళ్లకు ఎక్కువ నేర్పుతుంది.

రాజీ పడకూడని జాగ్రత్తలు

గాలి నుంచి, వేళ్ల నుంచి, మట్టి నుంచి పెంచిన ప్లేటులో ఏ జీవి ఉందో మనకు తెలియదు. అందుకే ఇనాక్యులేషన్ (నమూనాను ప్లేటు మీద వేయడం) అయిన వెంటనే ప్లేటు అంచులకు రెండు మూడు చోట్ల టేపు వేయాలి. మళ్లీ తెరవకూడదు. మూత మీద నుంచే చూడాలి. వాటిని 37 డిగ్రీల దగ్గర పెంచకండి, మనిషి ఒంటి వేడికి అలవాటైన జీవులకు అది అనుకూలం. ఇంగ్లండ్ స్కూళ్లకు రాసిన సూచనల్లో వాటిని 25 డిగ్రీల దగ్గరే పెంచమని ఉంటుంది. అక్కడ గది వేడి చాలు. మన దగ్గర మార్చి దాటితే గదే 35 దాటుతుంది. కాబట్టి ఇలాంటి ప్లేట్ల పనిని చలికాలానికి పెట్టుకోండి, లేదా ఏసీ ఉన్న గదిలో ఉంచండి.

గొంతు స్వాబ్‌లు, గాయాల నమూనాలు అసలు వద్దు. పిల్లలు ఉత్సాహంగా తెస్తామంటారు. నవ్వుతూనే వద్దని చెప్పండి.

నోటితో పిపెట్ పీల్చడం పాత ల్యాబుల్లో నేను చూసిన అలవాటు. ఇప్పుడు ఏ కారణంతోనూ ఒప్పుకోకూడదు. రబ్బరు బల్బులు కొనడానికి డబ్బు లేకపోతే ఆ ప్రాక్టికల్ ఆపేయండి. 70 శాతం ఆల్కహాల్‌తో బల్ల తుడిచాక అది ఆరేదాకా దీపం వెలిగించకూడదు. చున్నీలు, విరబోసిన జుట్టు దీపం దగ్గర ప్రమాదం, మొదటి రోజే చెప్పాలి.

వాడిన ప్లేట్లన్నీ ఆటోక్లేవ్ చేశాకే బయటికి పోవాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు కూడా ల్యాబు వ్యర్థాలను ఉన్నచోటే ముందు శుద్ధి చేయాలంటాయి. ఈ పనిని అటెండర్ మీద మాత్రమే వదలకండి. వారానికి ఒక జట్టు పిల్లలు మీ ఎదురుగా చేయాలి. రేపు వాళ్లు డయాగ్నొస్టిక్ ల్యాబులోనో, ఫార్మా కంపెనీ క్వాలిటీ విభాగంలోనో చేరినప్పుడు మొదటి రోజు నుంచే అక్కరకొచ్చే పని ఇదే.

గ్రామ్ స్టెయిన్‌కు రెండు వారాలు

డిగ్రీ అయిపోయాక కూడా గ్రామ్ స్టెయిన్ ధైర్యంగా చేయలేని వాళ్లను చూశాను. కారణం ఒకటే, దాన్ని ఒక్క పూటలో ముగించడం. నా వరస ఇది.

మొదటి వారం పద్ధతి. వేడితో అతికించిన స్మియర్ (స్లైడ్ మీది పలచని పూత) మీద క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడగాలి. అయోడిన్ ఒక నిమిషం, కడగాలి. 95 శాతం ఆల్కహాల్ చుక్కచుక్కగా, కారే నీటిలో ఊదా రంగు ఆగేదాకా, సుమారు 10 నుంచి 20 సెకన్లు, వెంటనే కడగాలి. సాఫ్రనిన్ 45 సెకన్లు, కడిగి అద్దాలి. ఒకే స్లైడ్ మీద మూడు స్మియర్లు ఉండాలి: ఒక చివర బాసిల్లస్, ఇంకో చివర ఈ.కోలై, మధ్యలో రెండూ కలిపినది. చివరల్లో బాసిల్లస్ ఊదాగా, ఈ.కోలై గులాబీగా వస్తేనే మధ్యలోది నమ్మాలి. కంట్రోల్ అన్న మాట అర్థం కావడానికి దీనికి మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. బాసిల్లస్ కల్చర్ ఆ రోజుదే అయి ఉండాలి. పాతబడితే గ్రామ్ పాజిటివ్ కణాలు కూడా రంగు నిలుపుకోలేక గులాబీగా కనిపిస్తాయి.

రెండో వారం తప్పులు కావాలనే చేయించండి. ఒక జట్టు ఆల్కహాల్ 5 సెకన్లే వేయాలి. ఇంకో జట్టు 15, మరొకటి 60. ఒక జట్టు అయోడిన్ వేయకూడదు. ఇంకో జట్టు స్మియర్ మందంగా పూయాలి. స్లైడ్లన్నీ వరసగా పెట్టి అందరూ చూడాలి. అయోడిన్ లేని స్లైడ్ చూశాక, అయోడిన్ క్రిస్టల్ వయొలెట్‌తో కలిసి పెద్ద సమ్మేళనం అవుతుందనీ, మందమైన పెప్టిడోగ్లైకాన్ గోడ ఆల్కహాల్‌కు బిగుసుకుని దాన్ని లోపలే ఆపుతుందనీ, పలచని గోడా దాని పైపొరా ఆపలేవనీ చెబితే, కణకవచం పాఠం సగం అయిపోయినట్టే.

డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో ఈ పద్ధతి ప్రచురించినప్పుడు అందులో సాఫ్రనిన్ లేదు. న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల కణజాలంలో బాక్టీరియాను విడిగా చూడడమే ఆయన ఉద్దేశం. తన పద్ధతిలో లోపాలున్నాయని ఆయనే రాసుకున్నాడు. ఈ సంగతి పిల్లలకు చెప్పండి. తమ స్లైడ్ బాగా రాలేదని టెన్షన్ పడేవాళ్లకు అది ఊరట.

లెక్కపెట్టడం

సీరియల్ డైల్యూషన్ దగ్గర పిల్లలు ఆగిపోయేది మైక్రోబయాలజీ రాక కాదు, పది ఘాతాలు రాక. ముందు ఇంకు నీళ్లతో చేయించండి. 9 మిల్లీలీటర్ల నీటిలో 1 మిల్లీలీటరు ఇంకు నీళ్లు, అందులోంచి 1 తీసి తర్వాతి ట్యూబులో, అలా ఆరు ట్యూబులు. ఆరోది చూడడానికి ఉత్త నీళ్లలా ఉంటుంది. అందులోనూ పది లక్షల్లో ఒక వంతు ఇంకు ఉందని ట్యూబు చూస్తూ చెప్పాలి.

తర్వాత ఈ.కోలై బ్రాత్‌తో. 30 నుంచి 300 మధ్య కాలనీలున్న ప్లేటునే లెక్కించాలి. ఐదో ట్యూబు నుంచి 0.1 మిల్లీలీటరు పోసిన ప్లేటులో 142 కాలనీలు వచ్చాయనుకోండి. ఐదో ట్యూబు లక్షో వంతు, పోసింది పదో వంతు, కాబట్టి 142ను పది లక్షలతో హెచ్చించాలి. మిల్లీలీటరుకు 14 కోట్ల 20 లక్షలు. కోట్లలో చెబితే పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది, ఆ తర్వాత ఘాతాల్లో రాయించండి.

పెరుగుదల రేటు కూడా ఇలాగే. ఈ.కోలై మంచి మీడియంలో ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. ఒక్క కణం ఏడు గంటల్లో దాదాపు 21 లక్షలు, పది గంటల్లో 107 కోట్లు. "మరి భూమంతా అవే ఎందుకు నిండిపోలేదు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పెరుగుదల రేఖ ఎందుకు వంగి చదునవుతుందో అప్పుడే చెప్పండి.

మందు పనిచేయకపోవడం: చింతగింజలతో

"బాక్టీరియా ఆ మందుకు అలవాటు పడిపోయింది, మేడమ్" అంటారు పిల్లలు. ఇంట్లో విన్న మాటే అది. ఎంత ఉపన్యాసం ఇచ్చినా పోదు. గింజలతో పోతుంది.

ప్రతి జట్టుకు 32 మామూలు చింతగింజలు, తొక్క గీకి తెల్లగా చేసినవి 2 ఇవ్వండి. ఒక డోసు అంటే మామూలు గింజల్లో నాలుగింట మూడు వంతులు తీసేయాలి. తెల్లవాటిని ముట్టుకోకూడదు. మిగిలిన ప్రతి గింజ పక్కన అదే రంగు గింజ ఇంకొకటి పెట్టాలి, అది విభజన. మొదటి డోసు తర్వాత మామూలువి 16, తెల్లవి 4. రెండో డోసు తర్వాత 8, 8. మూడో డోసు తర్వాత 4, 16. ఇప్పుడు అడగండి: "నల్ల గింజ ఏదైనా తెల్లగా మారిందా?" మారలేదు. తెల్లవి మొదటి నుంచీ ఉన్నాయి, మందు వాటికి చోటు ఖాళీ చేసింది. తెల్ల గింజలు లేకుండా ఇంకోసారి ఆడించి తేడా రాయించండి.

నిరోధకత మందు వల్ల పుట్టదు, ముందే యాదృచ్ఛికంగా పుట్టి ఉంటుంది అని లూరియా, డెల్‌బ్రుక్ 1943లో ఫేజ్‌లతో (బాక్టీరియాను సోకే వైరస్‌లతో) చూపారు. లెడర్‌బర్గ్ దంపతులు 1952లో మఖమలు గుడ్డతో ఒక ప్లేటు కాలనీల అచ్చును ఇంకో ప్లేటు మీదికి దించి మళ్లీ రుజువు చేశారు. చింతగింజలు ఆడిన తరగతికి ఈ రెండు ప్రయోగాలు చెప్పడం తేలిక. ఆడని తరగతికి చెబితే పేర్లూ సంవత్సరాలే మిగులుతాయి.

చెరువు మట్టి, వేరుశనగ, పాలు

సూక్ష్మజీవులంటే జబ్బులే అనే భావంతో పిల్లలు వస్తారు. అది పోవాలంటే ల్యాబు దాటాలి. వినోగ్రాడ్‌స్కీ సీసా (చెరువు మట్టిలోని సూక్ష్మజీవులు రంగు రంగుల పొరలుగా పెరిగే సీసా) తయారవడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఆ పాఠం చివరి యూనిట్‌లో ఉన్నా రెండో వారంలోనే మొదలుపెట్టండి. పారదర్శకమైన రెండు లీటర్ల సీసాలో చెరువు మట్టి, చించిన న్యూస్‌పేపర్ ముక్కలు, ఉడికిన గుడ్డు పచ్చసొన ఒకటి కలిపి, చెరువు నీళ్లతో ముప్పాతిక పైదాకా నింపి, మూత వదులుగా పెట్టాలి. వెలుతురు పడే, మధ్యాహ్నం ఎండ నేరుగా తగలని కిటికీ దగ్గర ఉంచాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అడుగు నల్లబడుతుంది, దాని పైన ఆకుపచ్చ, ఊదా పట్టీలు వస్తాయి. కింద సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చేవి, దాన్ని వాడుకుంటూ వెలుతురుతో బతికేవి, పైన ఆక్సిజన్ ఇచ్చే సయనోబాక్టీరియా. ప్రతి శుక్రవారం ఒకరు ఫోటో తీసి తేదీ వేయాలి.

వేరుశనగ మొక్కను పూత దశలో వేళ్లతో సహా పెకలించి తెమ్మనండి. అనంతపురం వైపు పిల్లలకు ఇది ఇంటి పనే. బుడిపెను కోస్తే లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తున్నట్టు, ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. నలిపి స్మియర్ చేస్తే గ్రామ్ నెగటివ్ బాక్టీరియా కనిపిస్తాయి. ఈ ఒక్క పని తర్వాత "పప్పుధాన్యం వేసిన పొలంలో మరుసటి పంట ఎందుకు బాగుంటుంది" అని మా నాన్న చెప్పేవారంటూ పిల్లలే మొదలుపెడతారు. ఆ మాటల్ని రికార్డులో రాయనివ్వండి.

పాలకు మిథిలీన్ బ్లూ పరీక్ష: 10 మిల్లీలీటర్ల పాలలో 1 మిల్లీలీటరు రంగు, 37 డిగ్రీల నీటిలో ట్యూబులు. అప్పుడే పితికిన పాలు, నాలుగు గంటలు బయట పెట్టిన పాలు పక్కపక్కన. అరగంటలోపే రంగు పోతే పాలు బాగా లేనట్టు, ఐదు గంటలు దాటి నిలిస్తే చాలా మంచివి. దగ్గర్లో పాల శీతలీకరణ కేంద్రం ఉంటే తీసుకెళ్లండి, ఇదే పరీక్ష అక్కడ రోజూ జరగడం చూస్తారు.

చరిత్రలో మన నేలకు సంబంధించినవి వదలకండి. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ల్యాబ్స్‌లో నడిపించిన పరిశోధన నుంచే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. కలరా విషపదార్థాన్ని 1959లో కలకత్తాలో నిరూపించింది శంభునాథ్ దే.

ఆన్‌లైన్ వనరులు

అమృత విశ్వవిద్యాపీఠం వర్చువల్ ల్యాబ్స్‌లో మైక్రోబయాలజీ ప్రయోగాలు ఉచితంగా ఉన్నాయి. ప్రాక్టికల్‌కు ముందు రోజు చూడమనడానికి అవి బాగుంటాయి, ప్రాక్టికల్ బదులు మాత్రం కాదు. స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు మీరు విని, ఏ భాగం పిల్లలకు అర్థమవుతుందో నిమిషాలతో సహా చెప్పండి. ఓపెన్‌స్టాక్స్ వారి మైక్రోబయాలజీ పాఠ్యపుస్తకం ఫోన్‌లోకి ఉచితంగా దించుకోవచ్చు, బొమ్మలు చాలా బాగుంటాయి.

భాష, మార్కులు

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు పదాల బరువుకే వెనకబడతారు. విషయం తెలుగులో చెప్పి, ఆ తర్వాత పదం ఇవ్వండి, పదం అర్థం విప్పండి. కాకస్ అంటే గింజ, స్టాఫైలో అంటే ద్రాక్ష గుత్తి, స్ట్రెప్టో అంటే మెలి తిరిగిన గొలుసు. స్ట్రెప్టోకాకస్‌ను జాజిపూల మాల అని ఒకసారి చెబితే మళ్లీ తప్పు రాయరు. ప్రతి క్లాసు చివర మూడు నిమిషాలు ఇచ్చి, ఆ రోజు నేర్చుకున్నది తమకు వచ్చిన భాషలో రెండు వాక్యాలు రాయమనండి. నలభై చీటీలు చదవడానికి పావుగంట చాలు, రేపటి క్లాసు ఎక్కడ మొదలుపెట్టాలో అవే చెబుతాయి.

మార్కులు రికార్డు అందానికి వేయకండి. ఇంటర్నల్స్‌లో సగం చేతి పనికి ఇవ్వండి: స్ట్రీక్ ప్లేటులో విడి కాలనీలు వచ్చాయా, తెలియని స్లైడ్‌ను కంట్రోల్స్‌తో సహా స్టెయిన్ చేయగలిగారా, కాలనీ లెక్క నుంచి జవాబు తేగలిగారా. మొదటిసారి రాకపోతే రెండోసారి అవకాశం ఉండాలి. వైవాలో నిర్వచనం అడిగే బదులు వాళ్ల ప్లేటు వాళ్ల ముందే పెట్టి "ఇక్కడ ఏం జరిగింది?" అని అడగండి.

చివరి వారంలో పిల్లల చేతే కల్చర్లను 20 శాతం గ్లిజరాల్‌లో కలిపి, తేదీ రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టించండి. మిగిలినవన్నీ ఆటోక్లేవ్‌కు. వినోగ్రాడ్‌స్కీ సీసాను మాత్రం పారేయకండి. నీళ్లు తగ్గినప్పుడల్లా పోస్తూ కిటికీ దగ్గరే ఉంచితే, జూన్‌లో వచ్చే కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు పెరుగుతో పాటు అదీ చూపించవచ్చు.